వాఖావ్‌లో సైకిల్ యాత్ర: రెండు రోజులు, రెండు ఒడ్లు

ఆస్ట్రియాలో మెల్క్ అనే ఊరి నుంచి క్రెమ్స్ అనే ఊరి దాకా డాన్యూబ్ నది పక్కనే సైకిల్ దారి ఉంది. పొడవు సుమారు 36 కిలోమీటర్లు. ఈ మధ్యనున్న లోయనే వాఖావ్ అంటారు. తొక్కడం అలవాటున్నవాళ్లు మూడు గంటల్లో అవగొట్టేస్తారు. మొదటిసారి నేనూ అదే పని చేశాను. సాయంత్రం వియన్నాకి తిరిగొచ్చే రైల్లో ఫోన్ తీసి ఫొటోలు చూసుకుంటే నది, నది, మళ్లీ నది. చూద్దామనుకున్న చర్చిలన్నీ అవతలి ఒడ్డున అగ్గిపుల్లంత కనిపిస్తున్నాయి.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాక అర్థమైన కిటుకు ఇదీ: ఇక్కడ తొక్కడానికి బాగుండేది దక్షిణపు ఒడ్డు, ఆగి చూడాల్సినవి ఎక్కువగా ఉన్నది ఉత్తరపు ఒడ్డు. అందుకని ఒకే ఒడ్డు పట్టుకుని వెళ్లిపోకుండా, పడవల్లో అటూ ఇటూ దాటుతూ వెళ్లాలి. దానికి రెండు రోజులు పడుతుంది. రోజుకి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, కాబట్టి కాలేజీ రోజుల తర్వాత సైకిల్ ముట్టుకోనివాళ్లకి కూడా కుదురుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ నుంచి అక్టోబర్ మొదటివారాల దాకా. చలికాలంలో పడవలు సరిగా ఉండవు, ఈ ప్లాన్‌కి పడవలే ప్రాణం.

ఏప్రిల్ మొదట్లో ఆప్రికాట్ చెట్లు పూస్తాయి. ఆకు కనిపించకుండా తెల్లగా, లేత గులాబీగా పూత. హైదరాబాదీలకి ఖుబానీ కా మీఠా అంటే తెలిసిన పండే ఇది. ఇక్కడివాళ్లు 'మరిల్లె' అంటారు, దాని మీద వీళ్లకున్న మమకారం మనకి మామిడి మీదున్నంత. పండు కావాలంటే జూలై. అప్పుడు ఎండ ముప్ఫై దాటుతుంది, మనకి అదో లెక్క కాదు. ద్రాక్ష కోతలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో. జూన్ 21 దగ్గర్లోని వారాంతంలో కొండల మీద మంటలు వేసి పండగ చేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది గానీ రూమ్ దొరకదు. నన్నడిగితే మే నెల మధ్యలో, వారం మధ్యలో వెళ్లండి.

ఏ దిక్కుగా తొక్కాలి

మెల్క్ నుంచి క్రెమ్స్ వైపే, అంటే నది పారే వైపు. వాలు పెద్దగా ఏమీ ఉండదు, అసలు విషయం గాలి. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. ఈ దిక్కున వెళ్తే వెనక నుంచి ఎవరో చేయి వేసి తోసినట్టుంటుంది. ఎదురెళ్తే చదునైన దారి కూడా ఘాట్ రోడ్డే.

సైకిల్ సంగతి

వియన్నాలో ఉండేవాళ్లు సొంత సైకిల్ రైల్లో వేసుకుని వెళ్లొచ్చు. మనిషి టికెట్టుతో పాటు సైకిల్‌కి వేరే టికెట్టు కొనాలి. దూరం వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లలో సైకిల్‌కి సీటులాగే చోటు ముందే రిజర్వ్ చేయాలి, ప్రాంతీయ రైళ్లలో అక్కర్లేదు. తలుపు మీద సైకిల్ బొమ్మ ఉన్న పెట్టె ఎక్కండి. మిగతా పెట్టెల్లో ఎక్కితే కండక్టర్ మర్యాదగానే దించేస్తాడు.

ఇండియా నుంచి వచ్చేవాళ్లు అద్దెకి తీసుకోవడం నయం. అద్దె ఇచ్చేవాళ్లని ముందే ఒక మాట అడగండి: మెల్క్‌లో తీసుకుని క్రెమ్స్‌లో ఇచ్చేయొచ్చా? సైకిల్ చేతికొచ్చాక అక్కడే ఓ పది నిమిషాలు తొక్కి చూడండి. ఎందుకో చెప్తాను.

మన దగ్గర చాలా సైకిళ్లకి కుడిచేతి బ్రేక్ ముందు చక్రానిది. ఇక్కడ మామూలుగా కుడిచేతిది వెనక చక్రానిది, ఎడమచేతిది ముందుది. కంగారులో ఎడమచేతిది గట్టిగా నొక్కితే ముందుకి తూలిపడతారు. ఇంకోటి, ఇక్కడి అద్దె సైకిళ్లు కొన్నిటికి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేక్ పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెడల్‌ని ఊరికే వెనక్కి తిప్పుకోవడం మనలో చాలామందికి అలవాటు కదా. ఆ అలవాటు నాకూ ఉండేది. మొదటి కిలోమీటర్‌లోనే మూడుసార్లు గుర్రం బెదిరినట్టు ఆగిపోయింది సైకిల్. వెనకాల వస్తున్న ముసలాయన ఒకటే నవ్వు.

టైరు సన్నగా ఉన్నది వద్దు. దారంతా తారే అయినా ఊళ్లలో రాళ్లు పరిచిన వీధులుంటాయి, సన్న టైరుతో నడుము కదిలిపోతుంది. 35 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి. పంక్చర్ సామాను కూడా పెట్టుకోండి: ఒక స్పేర్ ట్యూబ్, రెండు టైర్ లీవర్లు, చిన్న పంపు. పంపు ఆ వాల్వ్‌కి పడుతుందో లేదో బయల్దేరకముందే బిగించి చూడండి. ఇక్కడ మూడు రకాల వాల్వులు నడుస్తున్నాయి. నా దగ్గర పంపుండి, ట్యూబుండి, రెంటికీ జత కుదరక ఒక ఆదివారం ఆరు కిలోమీటర్లు నడిపించుకుంటూ వెళ్లాను. ఆదివారం ఆస్ట్రియాలో షాపులుండవు. పంక్చర్‌కే కాదు, పాల ప్యాకెట్‌కి కూడా అంతే.

సామాను వీపుకి తగిలించుకోవద్దు. వెనక క్యారియర్‌కి తగిలించే సంచి తీసుకోండి. ఒక జత బట్టలు, వానకోటు, తాళం, నీళ్ల సీసా, చిల్లర యూరోలు చాలు. మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర డబ్బా పెట్టుకుంటే మీ ఇష్టం, నేనైతే పెట్టుకుంటాను. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు.

ప్రాక్టీస్ కావాలంటే బయల్దేరే ముందు రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు గంట తొక్కండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, 2023లో తెరిచారు. అక్కడ ఒక్కసారి ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్లగలిగితే ఇక్కడ మీకు ఢోకా లేదు.

దారి మీద పాటించాల్సినవి

కుడిపక్కన వెళ్లాలి. చేయి చూపించి మలుపు తిరగాలి. ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కితే ఫైన్. సైకిల్ దారి ముగిసి మామూలు రోడ్డులో కలిసేచోట కార్లకే ముందు హక్కు, మనం ఆగాలి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. 12 ఏళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్లకి వాళ్ల ఇష్టం. పెట్టుకోండి. ఇది ద్రాక్షసారా లోయ కాబట్టి ఇంకో మాట: సైకిల్ మీద ఉన్నా తాగి నడపడం నేరమే, లీటరు రక్తంలో ఆల్కహాల్ 0.8 గ్రాములకి చేరితే కేసు. లైసెన్సు అక్కర్లేని బండి కదా అని ధీమా పనికిరాదు.

దారి తప్పడమంటూ ఉండదు. బోర్డుల మీద 6 నంబరు చూసుకుంటూ వెళ్లడమే. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ ఒడ్డు నుంచి రుమేనియాలో నల్ల సముద్రం దాకా వెళ్లే యూరోవెలో 6 దారిలో ఇది ఒక చిన్న ముక్క.

మొదటి రోజు: మెల్క్ నుంచి ష్పిట్స్ దాకా, సుమారు 18 కిలోమీటర్లు

వియన్నా నుంచి మెల్క్‌కి రైల్లో గంట, గంటన్నర. కొన్ని రైళ్లకి సాంక్ట్ పోల్టెన్‌లో మారాలి. పొద్దున తొమ్మిదిన్నరకల్లా దిగేలా చూసుకోండి.

స్టేషన్ బయటికి రాగానే తలెత్తితే ఎదురుగా కొండ మీద పసుపురంగులో పెద్ద భవనం. బెనెడిక్ట్ సభ సన్యాసుల మఠం. వాళ్లు 1089 నుంచీ ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు కనిపించే కట్టడం మాత్రం 1702లో మొదలుపెట్టి 1736 దాకా కట్టింది. వాస్తుశిల్పి యాకోబ్ ప్రాన్‌టౌవర్. సైకిల్ కింద ఊళ్లోనే తాళం వేసి నడిచి ఎక్కండి. లోపలికి టికెట్టు ఉంది, రెండు గంటలు తీరిగ్గా చూడండి. గ్రంథాలయంలో పైకప్పు మీద పౌల్ ట్రోగర్ వేసిన బొమ్మలున్నాయి. పుస్తకాల అట్టలన్నీ ఒకే గోధుమరంగులో, బంగారు గీతలతో ఉంటాయి. చివర్లో చర్చిలోకి వెళ్తారు. బంగారం చూసి కళ్లు చెదురుతాయి, అది సరే. ఎడమవైపు బలిపీఠంలో సెయింట్ కోలోమాన్ సమాధి ఉంది. ఆయన పరదేశి యాత్రికుడు. యెరూషలేముకి వెళ్తూ 1012లో వియన్నా దగ్గర ష్టోకెరావ్‌లో చిక్కాడు. భాష రాదు, వేషం వేరు. గూఢచారి అనుకుని జనం ఉరి తీసేశారు. తర్వాత పుణ్యపురుషుడని తెలిసి ఎముకలు ఇక్కడికి తెచ్చారు. పరాయి దేశంలో భాష రాకుండా తిరిగేవాళ్లకి ఆయన దగ్గర ఒక్క నిమిషం నిలబడాలనిపిస్తుంది.

మఠం దిగాక వంతెన ఎక్కకండి. బోర్డులు రెండు ఒడ్లకీ చూపిస్తాయి. ఉత్తరపు ఒడ్డున ష్పిట్స్ దాకా దారి పెద్దరోడ్డుకి ఆనుకుని ఉంటుంది, లారీల హోరు. దక్షిణపు ఒడ్డు పట్టుకోండి.

ఐదు కిలోమీటర్లలో షోన్‌బ్యూల్ వస్తుంది. బండరాయి మీద కోట, కాస్త ముందు నది మీదికి వాలినట్టున్న పాత మఠం చర్చి. ఇక్కడి నుంచి లోయ ఇరుకవుతుంది. పాపికొండలు మొదలయ్యే చోట గోదావరి ఎలా ఒదిగి వస్తుందో అలాంటి మలుపే, కాకపోతే కొండలు అంత ఎత్తుండవు.

మరో ఐదు కిలోమీటర్లకి అగ్స్‌బాఖ్. ఊరి దగ్గర నది వదిలి లోపలికి కొంచెం వెళ్తే కార్తూసియన్ మఠం ఉంది. ఎవరూ చెప్పరు గానీ ఈ లోయలో నాకు బాగా నచ్చిన చోట్లలో ఇదొకటి. 1380లో పెట్టారు. ఈ సన్యాసులు ఎవరి గది వాళ్లది, మౌనంగా బతికేవాళ్లు. బోధించని, వైద్యం చేయని మఠాలు దేశానికి దండగ అని 1782లో జోసెఫ్ చక్రవర్తి మూయించేశాడు. చర్చి సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మెల్క్ బంగారం చూసి వచ్చిన కంటికి చల్లగా ఉంటుంది. పులిహోర డబ్బా విప్పడానికి బయట గోడ నీడ మంచి చోటు.

ఇంకో మూడు కిలోమీటర్ల దగ్గర కుడివైపు కొండ మీద అగ్‌ష్టైన్ కోట శిథిలాలు. నది మట్టానికి దాదాపు 300 మీటర్ల పైన. దోపిడీ దొర ఒకడు బందీలను కొండ అంచున ఒక చిన్న రాతి అరుగు మీదికి నెట్టి తలుపు మూసేవాడని కథ. ఆకలితో చావాలి, లేకపోతే దూకాలి. ఆ అరుగుకి 'చిన్న గులాబీ తోట' అని పేరు పెట్టుకున్నాడట. సైకిల్‌తో ఎక్కాలని చూడకండి, కింద తాళం వేసి నడవండి. రానూపోనూ రెండు గంటలు. ఓపిక లేకపోతే మానేయండి, చర్చిలకే కదా వచ్చాం.

అగ్‌ష్టైన్ దాటాక దారి పక్కనే ఒక చిన్న తెల్ల చర్చి వస్తుంది, సెయింట్ యోహాన్. వేగంగా వెళ్తే రెప్పపాటులో దాటిపోతారు. ఆగి శిఖరం మీద ఉన్న రేకు కోడిపుంజుని చూడండి. దానికి బాణం గుచ్చుకుని ఉంటుంది. ఊరివాళ్లు చెప్పే కథ: సైతానుకి ఈ లోయ మీద కోపం వచ్చి, ఒక్క రాత్రిలో డాన్యూబ్‌కి అడ్డంగా గోడ కట్టి అందర్నీ ముంచేయాలనుకున్నాడు. కోడి కూసేలోపు పూర్తి కావాలి. గోడ సగంలో ఉండగానే ఈ చర్చి కోడి కూసింది. ఒళ్లుమండి దాని మీదికి బాణం వదిలాడు. గోడ నిజంగానే ఉంది: అవతలి ఒడ్డున ష్పిట్స్‌కి ముందు, కొండ మీంచి నదిలోకి దిగే బండల వరస. దాన్ని సైతాను గోడ అనే పిలుస్తారు.

ఇక పడవ. ఒబర్‌అర్న్స్‌డార్ఫ్ అనే ఊరికి రాగానే నది వైపు దిగండి. కోనసీమ వాళ్లకి పంటు ఎక్కడం కొత్త కాదు, కానీ ఈ పంటుకి ఇంజను లేదు. నది మీదుగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి లావుపాటి ఇనుప తాడు కట్టి ఉంటుంది. పంటు ఆ తాడుకి తగిలించి ఉంటుంది. నడిపేవాడు చుక్కాని తిప్పి పంటుని ప్రవాహానికి కాస్త ఏటవాలుగా పెడతాడు. నీళ్లు పక్కనుంచి తోస్తాయి, తాడు కిందికి పోనివ్వదు, ఇక అవతలి ఒడ్డుకి జారుకుంటూ వెళ్లడం తప్ప పంటుకి గత్యంతరం లేదు. చప్పుడే ఉండదు. తాడు మీద కప్పీ దొర్లుతున్న కిరకిర, పంటుకి నీళ్లు తగిలే చప్పుడు, అంతే. కార్లు కూడా ఎక్కుతాయి. సైకిల్‌కి స్టాండ్ వేసి వదిలేయకుండా చేత్తో పట్టుకోండి. డబ్బులు చిల్లరగా ఇవ్వండి.

ఇక్కడ ఒకటి మాత్రం మర్చిపోకండి. మెల్క్ దాటితే మళ్లీ వంతెన క్రెమ్స్ ఎదురుగా మౌటెర్న్ దగ్గరే. మధ్యలో ఒక్కటి కూడా లేదు. పడవలు సాయంత్రానికి ఆగిపోతాయి, ఆ టైము నెల నెలకీ మారుతుంది. ఒక అక్టోబర్‌లో కోట ఎక్కి తాపీగా దిగి రేవుకి వచ్చేసరికి పంటు అవతలి గట్టున కట్టేసి ఉంది. నేను రూమ్ తీసుకున్న ఇంటి దీపం నదికి అవతల కనిపిస్తూనే ఉంది, కేకేస్తే వినపడేంత దూరం. మౌటెర్న్ దాకా వెళ్లి, వంతెన దాటి, మళ్లీ వెనక్కి రావడానికి 35 కిలోమీటర్లు పట్టింది, చీకట్లో. కాబట్టి బయల్దేరిన పొద్దునే ఆ నెల ఆఖరి పడవ ఎన్నింటికో చూసి కాగితం మీద రాసుకోండి, దానికి గంట ముందే రేవులో ఉండండి.

ష్పిట్స్‌లో రాత్రి

రూమ్ వారాంతాల్లో ముందే బుక్ చేసుకోవాలి. ద్రాక్షతోటల రైతులే ఇంట్లో రెండు మూడు గదులు అద్దెకిస్తారు, హోటల్ కంటే అవే బాగుంటాయి. సైకిల్‌ని రాత్రి ద్రాక్షసారా పీపాల పక్కన పెట్టుకోనిస్తారు.

భోజనానికి వీధిలో నడుస్తూ పైకి చూడండి. ఏ ఇంటి ముందైనా కర్రకి కొమ్మల గుత్తి వేలాడుతుంటే ఆ ఇంటివాళ్లు ఈరోజు తమ సొంత ద్రాక్షసారా, తిండి అమ్ముతున్నట్టు. వీటిని హొయ్‌రిగర్ అంటారు. వంతులవారీగా తెరుస్తారు. తినడానికి ఎక్కువగా చల్లటివే: రొట్టె, మాంసం ముక్కలు, చీజ్. శాకాహారులు 'లిప్‌టౌవర్' అడగండి. ఎర్రమిరపపొడి కలిపిన మెత్తటి చీజ్, రొట్టెకి రాసుకుంటారు. కారం పేరుకే, ఆవకాయ ప్యాకెట్ జేబులో ఉంటే దాని అవసరం ఇక్కడే తెలుస్తుంది. తాగనివాళ్లు ద్రాక్షరసంలో సోడా కలిపి ఇమ్మనండి. లోపలికి అడుగుపెట్టగానే 'గ్రూస్ గాట్' అనండి, అందరి మొహాలూ విప్పారతాయి. దేవుడి పేరుతో నమస్కారం అన్నమాట.

రెండో రోజు: ష్పిట్స్ నుంచి క్రెమ్స్, సుమారు 20 కిలోమీటర్లు

కిలోమీటర్లు తక్కువే గానీ చర్చిలు ఎక్కువగా ఈ రోజే. ఎనిమిదికల్లా బయటపడండి.

ముందు ష్పిట్స్‌లోనే సెయింట్ మౌరిట్సియుస్ చర్చి. తలుపు దగ్గర నిలబడి నేరుగా బలిపీఠం వైపు చూడండి. ఏదో తేడాగా ఉంటుంది. మీ కన్ను కాదు, చర్చే వంకర. ముందుభాగం, వెనకభాగం ఒకే గీత మీద ఉండవు, మధ్యలో విరుగుతాయి. ఆర్గన్ ఉన్న మేడ ముందు క్రీస్తు, పన్నెండుమంది అపొస్తలుల చెక్కబొమ్మలు వరసగా ఉంటాయి, వెనక్కి తిరిగి చూడకపోతే కనిపించవు. బలిపీఠం మీది పటం వేసింది మార్టిన్ యోహాన్ ష్మిట్. క్రెమ్స్ పక్కనే ష్టైన్‌లో ఉండి పనిచేసేవాడు కాబట్టి అందరూ 'క్రెమ్సర్ ష్మిట్' అనే అంటారు. ఈ లోయలో చాలా చర్చిల్లో ఆయన పటాలు తగులుతాయి.

ఊరు దాటి రెండు మూడు కిలోమీటర్లు వెళ్తే సాంక్ట్ మిఖాయెల్. ఊరు నాలుగిళ్లే గానీ చర్చి మాత్రం కోట. చుట్టూ బురుజులు, తుపాకి కన్నాలు. ఈ లోయలో చర్చే ఊరికి ఆశ్రయం. శత్రువులొస్తే జనం గింజలు, గొడ్లతో సహా అందులోకి వెళ్లి తలుపులు వేసుకునేవాళ్లు. సైకిల్ ఆపి వెనకవైపు కప్పు చూడండి, కొస మీద మట్టితో చేసిన జంతువులు వరసగా పరిగెడుతుంటాయి. ఊరివాళ్లు వాటిని ఏడు కుందేళ్లంటారు. ఒక చలికాలం మంచు చర్చి కప్పు దాకా పేరుకుపోతే కుందేళ్లు కప్పు మీదికెక్కాయి, మంచు కరిగాక దిగలేక అక్కడే ఉండిపోయాయి. ఇదీ కథ. జాగ్రత్తగా చూస్తే వాటిలో జింకలూ గుర్రాలూ కనిపిస్తాయి, అసలు అదొక వేట దృశ్యం. ఏడు కుందేళ్లే అని పిల్లలకి చెప్పండి, చాలు. పక్కనే గుండ్రటి కట్టడం ఉంది, ఎముకల ఇల్లు. సమాధుల స్థలం చాలక పాతవి తవ్వి ఎముకలు ఇక్కడ పేర్చేవాళ్లు. లోపల పుర్రెలతో కట్టిన బలిపీఠం ఉంది. చిన్నపిల్లలతో ఉంటే లోపలికి వెళ్లే ముందు ఒకసారి ఆలోచించండి.

ఇక్కడి నుంచి దారి నది వదిలి ద్రాక్షతోటల మధ్యకి వస్తుంది. రాయి మీద రాయి పేర్చి, సున్నం లేకుండా కట్టిన మెట్లపొలాలు కొండ పైదాకా ఉంటాయి. ట్రాక్టర్ ఎక్కదు, పనంతా చేతులతోనే. ఈ పొలాలు, ఊళ్లు, మఠాలు అన్నీ కలిపి 2000లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చాయి. దారి మధ్యలో చిన్న చిన్న ఎక్కుళ్లు తగులుతాయి, గేరు తగ్గించి ఎక్కేయండి.

వోజెన్‌డార్ఫ్, యోకింగ్ ఊళ్లు దాటితే వైసెన్‌కిర్షెన్. కొండవాలు మీద ఊరు, ఊరి నెత్తిన చర్చి. పైకి వెళ్లడానికి చెక్క కప్పు వేసిన మెట్లదారి ఉంది. తుర్కుల దాడి భయంతో 1531లో ఈ చర్చికి కోటగోడలు కట్టారు. సైకిల్ కింద సంతవీధిలో పెట్టి ఎక్కండి, ఎక్కితే గానీ నది ఎటు వంపు తిరుగుతోందో తెలియదు. ఊళ్లో ఏదైనా బేకరీలో 'లాబెర్ల్' అడగండి. పైన పగిలిన గుండ్రటి రొట్టె, గట్టి పెంకు, ఈ లోయదే.

ఆదివారమైతే ఒక మాట. చర్చిల్లో పొద్దున పూజ జరుగుతుంటుంది. ఆ గంటసేపు లోపల తిరిగి ఫొటోలు తీయకూడదు. వెనక బల్ల మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. సైకిల్ షూల అడుగున ఇనుము ఉంటే రాతి నేల మీద టకటకలాడుతుంది, చెప్పులు మార్చుకోండి. టోపీ, హెల్మెట్ చేతిలోకి.

ఇక్కడ రెండోసారి పడవ ఎక్కాలి. వైసెన్‌కిర్షెన్ రేవులోనూ తాడు పంటే. అవతల సాంక్ట్ లోరెంట్స్‌లో దిగి ఎడమకి తిరగండి. ఆప్రికాట్ తోటల మధ్య, రోసాట్స్ ఊరి మీదుగా ఆరేడు కిలోమీటర్లు. లోయ మొత్తంలో తొక్కడానికి ఇంత హాయైన ముక్క ఇంకోటి లేదు. జూలైలో ఇళ్ల ముందు బల్లల మీద పండ్ల బుట్టలు, పక్కన డబ్బుల డబ్బా పెట్టి ఉంటాయి, మనిషి ఉండడు. తీసుకుని డబ్బు వేయడమే.

దారిలో గోడల మీద అడ్డగీతలు, పక్కన సంవత్సరాలు కనిపిస్తే అవి వరద గుర్తులు. భద్రాచలంలో 1986 నీళ్లు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2002, 1954, 1899 ఇలా ఉంటాయి. చాలాచోట్ల అన్నిటికంటే పైన 1501. తల వెనక్కి వంచి చూడాలి. వానలు గట్టిగా పడిన వారంలో బయల్దేరే ముందు నది మట్టం చూసుకోండి. నీళ్లు పెరిగితే ముందు పడవలు ఆపేస్తారు, తర్వాత సైకిల్ దారి మునుగుతుంది. 2024 సెప్టెంబర్‌లో ఈ రాష్ట్రమంతా వరదే.

రోసాట్స్‌బాఖ్ రేవుకి రాగానే ఎదురుగా డ్యూర్న్‌ష్టైన్. వాఖావ్ అంటే అందరూ చూపించే నీలి, తెలుపు గోపురం అదే. 1733లో పూర్తయింది. దాన్ని దగ్గర నుంచి కంటే ఈ గట్టు నుంచే చూడాలి, పైన కోట శిథిలం, కింద గోపురం, నీళ్లలో నీడ. అందుకే ఈ చుట్టు తిరిగి రమ్మన్నది. ఇక్కడ చిన్న మోటారు పడవ దాటిస్తుంది, సైకిళ్లూ ఎక్కించుకుంటారు.

డ్యూర్న్‌ష్టైన్ వీధిలో సైకిల్ దిగి నడిపించండి. పెద్ద ఓడల్లో వచ్చిన గుంపులు, ఇరుకు సందు. మఠం టికెట్టు కొని గోపురం కింద అరుగు మీదికి వెళ్లొచ్చు. పై కోటలో 1192 డిసెంబర్‌లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని బంధించారు. క్రూసేడ్ యుద్ధంలో ఆస్ట్రియా ప్రభువు లియోపోల్డ్‌ని అవమానించి, తర్వాత మారువేషంలో ఆయన రాజ్యం మీదుగానే ఇంటికి వెళ్లబోయి దొరికిపోయాడు. విడుదలకి ఇంగ్లండ్ జనం పన్నులు కట్టి వెండి పోగేశారు. నడిచి ఎక్కడానికి అరగంట, ఎండలో ముప్పావుగంట. నేను ఒకసారి ఎక్కాను, ఇక చాలనుకున్నాను.

క్రెమ్స్‌లోకి

డ్యూర్న్‌ష్టైన్ నుంచి ఎనిమిది కిలోమీటర్లు చదును దారి. ముందు ష్టైన్ అనే పాత రేవు పట్టణం వస్తుంది. ఇక్కడి మినోరైట్ చర్చి 1264 నాటిది, ఇప్పుడు అందులో పూజలుండవు, కచేరీలు జరుగుతాయి. ఖాళీ రాతి గదిలో చిన్న శబ్దం కూడా ఎంతసేపు తిరుగుతుందో వినండి. ష్టైన్‌కి, క్రెమ్స్‌కి మధ్యలో ఉన్న ముక్క పేరు 'ఉండ్'. జర్మన్‌లో ఆ మాటకి 'మరియు' అని అర్థం. క్రెమ్స్ ఉండ్ ష్టైన్ అంటే రెండు ఊళ్లు కాదు, మూడు ఊళ్లు అని ఇక్కడి పాత జోకు.

క్రెమ్స్‌లో ఓపిక మిగిలితే సైకిల్ ష్టైనర్ టోర్ అనే పాత కోటద్వారం దగ్గర కట్టేసి, మెట్లెక్కి పియరిస్ట్ చర్చి చూడండి. గొట్‌వైగ్ మఠం నదికి అవతల కొండ మీద ఊరిస్తూ కనిపిస్తుంది, 1083లో పెట్టినది. అది ఇంకో రోజు పని, ఎక్కుడు గట్టిది.

వియన్నాకి రైలు గంటా పది నిమిషాలు పడుతుంది, ఫ్రాన్స్ యోసెఫ్స్ స్టేషన్‌కి చేరుస్తుంది. మొదటి రోజు బయల్దేరిన స్టేషన్ కాదది, ఇంటికెళ్లే మెట్రో ముందే చూసుకోండి. ఆదివారం సాయంత్రం ఐదు తర్వాతి రైళ్లలో సైకిళ్లు కిక్కిరిసి ఉంటాయి. చోటు లేకపోతే ఎక్కించుకోరు. నాలుగింటి రైలుకి ప్లాన్ చేసుకోండి. అద్దె సైకిల్ అయితే దానికంటే అరగంట ముందు తిరిగి ఇచ్చేయండి, బెల్లూ లైట్లూ అన్నీ తిప్పి చూసి గానీ డిపాజిట్ వెనక్కివ్వరు.